గ్రామ కర్మశాలలో పనిముట్లు, యంత్రములు: చిక్కులు, వాని పరిష్కారము

తొలకరి వాన పడిన మరునాడు గ్రామములో అన్నిటికంటె ముందుగా రద్దీ పెరుగునది కమ్మరి కొలిమి వద్దనే. ఒక రైతునకు గుంటక పాస అరిగి యుండును. ఒకరి ట్రాక్టరు కల్టివేటరు పలుగు వంగి యుండును. వేరొకరి గొర్రునకు బోల్టు తెగి యుండును. ఆ దినమున కర్మశాలలో డ్రిల్లు నడువకపోయినను, మోటారు కాలినను, నష్టపడువాడు దాని యజమాని యొక్కడే కాడు. నేల పదను రెండు మూడు దినములకు మించి నిలువదు. పదను తప్పిన విత్తనము మొలక తప్పును. కనుక గ్రామములో ఇనుప పని చేయు తావు సరిగా నడచుచున్నదా లేదా యనునది పంచాయతీ సభ్యులు పట్టించుకొనదగిన విషయమే.

నాగర్‌కర్నూలు జిల్లాలోని తిమ్మాజిపేట ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము. జడ్చర్లకును నాగర్‌కర్నూలుకును నడుమనున్న ఈ మండలము 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడువరకు మహబూబ్‌నగరు జిల్లాలో ఉండెను. పత్తి, మొక్కజొన్న, వేరుశనగ, వరి పండించు ఈ సీమలో నాగలి కర్రు సాగదీయుట, కొడవలికి కక్కు కొట్టుట, గడ్డపార మొన తీయుట కమ్మరికి తరతరములుగా వచ్చిన పనులు. ఇంకొక సంగతియు కలదు. దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను, పాలమూరు కూలీల పేరు వినబడుచు వచ్చినది. వారు భుజమున వేసికొని పోయిన పారలకును, గడ్డపారలకును మొన పెట్టినది ఊరి కొలిమియే. నేడు ఆ కొలిమి ప్రక్కన వెల్డింగు యంత్రము, సాన చక్రము, డ్రిల్లు వచ్చి చేరినవి. అక్కడక్కడ లేతు కూడ ఉన్నది. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, వెల్డరు, టర్నరు పనులు నేర్చిన యువకులు కొందరు ఇంటి వెనుక రేకుల కొట్టములో తమ అభిరుచి కొలది చిన్న కర్మశాలలు పెట్టుకొనుచున్నారు. ఇది మంచిదే. అయితే పాత కొలిమిలో తాత మనుమనికి చేతితో నేర్పినట్లు ఈ యంత్రముల మర్మము నేర్పువారు గ్రామములో తక్కువ. చిక్కు వచ్చినప్పుడు అందరును మొదట అనుమానించునది యంత్రమునే. నిజమునకు పది చిక్కులలో అధిక భాగము పనిముట్టు మొద్దుబారుటవలననో, పట్టు సడలుటవలననో వచ్చునవే.

మొదట ఉక్కు సంగతి. “ఈ కొడవలి చేసి నెల కాలేదు, మొద్దుబారినది” యనియు, “ఉలి దెబ్బకు విరిగినది” యనియు రైతులు చెప్పు ఫిర్యాదులకు కారణము తరచుగా చేతిపని లోపము కాదు, ఎన్నుకొన్న ఇనుమునందలి లోపము. మన తెలంగాణములో ఉక్కు విద్య కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రములో మూసలలో కరగించి తీసిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనుక్కొని పోవుచుండిరి. దానిని గూర్చి హెన్రీ వాయిసీ వ్రాసిన వివరణ 1832లో అచ్చుపడినది. ఆ ఉక్కునకు అంత కీర్తి తెచ్చినది దానిలోని కర్బనము. నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు కర్బనము చేరినంతనే మెత్తని ఇనుము కత్తికి పనికివచ్చు ఉక్కగును.

నేడు బజారులో దొరకు పట్టీ, కోణపు ఇనుము మెత్తని రకములు. వానిలో కర్బనము నూటికి కాలు పాలు లేదా అంతకు తక్కువ. దానిని ఎంత ఎఱ్ఱగా కాల్చి ఎన్ని మారులు నీట ముంచినను అంచు గట్టిపడదు. పాత లారీ కమాను పట్టీలో కర్బనము నూటికి అర పాలు మొదలు ఆరు పదవవంతుల వరకు ఉండును. అది కొడవలికి, గొడ్డలికి, పాసకు తగినది. అరిగిపోయిన ఆకురాయిలో ఒక పాలునకు మించి ఉండును. అది గట్టిది కాని పెళుసు. తుక్కులో నుండి తెచ్చిన ముక్క ఏ జాతిదో తెలియనిచో సాన చక్రమునకు ఆనించి రవ్వలను చూడవలెను. మెత్తని ఇనుము నుండి రవ్వలు పొడవైన గీతలుగా పోవును, చీలికలు తక్కువ. కర్బనము హెచ్చిన కొలది రవ్వలు పొట్టివై, చివర చిన్న చిన్న పువ్వులుగా విచ్చుకొనును. దీపావళి కాకరపువ్వొత్తి వలె చిటపటలాడినది మంచి ఉక్కు. తెలిసిన ఆకురాయిని ఒక మారు, తెలిసిన మెత్తని చువ్వను ఒక మారు ఆనించి చూచి, ఆ పిమ్మట తెలియని ముక్కను పోల్చిచూచుట ఉత్తమము.

గట్టిపరచుటలో జరుగు పొరపాటులు రెండు. ఒకటి, వేడి ఎక్కువగుట. ముక్క పసుపు తెలుపుగా మెరయునంతవరకు కాల్చి ముంచినచో లోపలి రవ పెద్దదై, దెబ్బకు గాజు వలె విరుగును. ఎంత వేడి చాలునో తెలిసికొనుటకు సులభమైన సాధనము ఒక అయస్కాంతము. ఇనుము సుమారు 770 డిగ్రీల వేడి వద్ద అయస్కాంతమునకు అంటుట మానును. అంటుట మానిన పిమ్మట ఇంకొంచెము కాల్చి ముంచినచో చాలును. కమాను పట్టీని నూనెలో ముంచవలెను. నీటిలో ముంచినచో పగుళ్లు వచ్చు భయమున్నది. రెండవ పొరపాటు, ముంచిన తరువాత దానిని అట్లే వాడుట. ముంచిన ఉక్కు మిక్కిలి గట్టిదే కాని మిక్కిలి పెళుసు కూడ. దానికి మరల స్వల్పముగా వేడి చూపి పెళుసు తీయవలెను. మెరయునట్లు రుద్దిన ఉక్కుపై వేడి పెరిగిన కొలది రంగులు నడచును: సుమారు 220 డిగ్రీలకు లేత గడ్డి రంగు, 255 ప్రాంతమున గోధుమ రంగు, 280 ప్రాంతమున ఊదా, 300 ప్రాంతమున నీలము. కొడవలి అంచునకు గోధుమ రంగు మంచిది. దెబ్బలు తినవలసిన ఉలికి ఊదా రంగు, రాతిని తాకు గడ్డపార మొనకు నీలము. నిపుణుడైన కమ్మరి ఉలి మొనను మాత్రము రెండంగుళములు ముంచి తీసి, ఆకురాయితో ఒక ప్రక్క రుద్ది, వెనుక భాగమునందలి వేడి మొనకు ప్రాకివచ్చుచుండగా రంగును కనిపెట్టి, అనుకొన్న రంగు రాగానే మొత్తమును ముంచును. దీనిని ఎండలో చేయరాదు. కొలిమి నీడలోనే రంగు సరిగా తెలియును. మన పెద్దలు కొలిమిని చీకటి కొట్టములో పెట్టుటకు ఇది యొక కారణమై యుండును.

ఇక డ్రిల్లు. గ్రామ కర్మశాలలో దీనిపై వచ్చినన్ని ఫిర్యాదులు మరి దేనిపైనను రావు. “బిట్టు దిగుట లేదు”, “రంధ్రము ప్రక్కకు పోయినది”, “బిట్టు నల్లబడినది”. వెంటనే కొత్త బిట్టు కొందురు. అదియు పది రంధ్రములకే చెడును. కారణమును బిట్టుయే చెప్పును, చూచు కన్ను కావలెను. రంధ్రము వేయుచుండగా రెండు గాడుల నుండి సమానముగా రజను చుట్టలుగా వచ్చినచో బిట్టు సరిగా ఉన్నది. ఒక గాడి నుండి మాత్రమే వచ్చినచో మొన యొక్క రెండు అంచులు సమానముగా లేవు. అట్టి బిట్టు తన కొలతకంటె పెద్ద రంధ్రము వేయును. పది మిల్లీమీటర్ల బోల్టు ఆ రంధ్రములో ఆడుచుండును. ఆడిన బోల్టు తెగును. తెగినప్పుడు రైతు బోల్టును తిట్టును. రజను రాక కీచుమని అరచుచు వేడెక్కినచో, అంచు వెనుక భాగము అంచుతో సమముగా నిలిచి ఇనుమును రాయుచున్నదని తెలియవలెను. అంచు వెనుక సుమారు 12 డిగ్రీల వాలు ఉండవలెను. సామాన్యపు పనికి మొన కోణము మొత్తము 118 డిగ్రీలు, అనగా ఒక్కొక్క ప్రక్క 59. కోణము కొలుచు పరికరము లేనిచో, ఆరు పలకల నట్టులు రెండింటిని ప్రక్క ప్రక్కన ఆనించి చూచినచో, వాని నడుమ ఏర్పడు సందు 120 డిగ్రీలు. ఆ సందులో బిట్టు మొన అమరినచో చాలును. ఈ ఉపాయము ఖర్చు లేనిది.

తరువాత వేగము. బిట్టు పెద్దదైన కొలది చుట్లు తగ్గవలెను. ఈ యొక్క సూత్రము తెలియక చెడిన బిట్లు ఎన్నియో. మెత్తని ఇనుమునకు హైస్పీడు ఉక్కు బిట్టు అంచు నిమిషమునకు సుమారు 25 మీటర్లు నడువవచ్చును. ఆ లెక్కన 6 మిల్లీమీటర్ల బిట్టు నిమిషమునకు సుమారు 1,300 చుట్లు, 10 మిల్లీమీటర్ల బిట్టు 800, 12 మిల్లీమీటర్ల బిట్టు 660 తిరుగవలెను. కమాను పట్టీ వంటి గట్టి ఉక్కునకు అందులో సగము చాలును. డ్రిల్లు యంత్రము పైమూత తీసి బెల్టును ఒక మెట్టు నుండి వేరొక మెట్టునకు మార్చుటకు రెండు నిమిషములు పట్టును. ఆ మూతను కొన్న నాటి నుండి తీయని కర్మశాలలు కలవు. మొదట పంచితో గుంట పెట్టుట, పెద్ద రంధ్రమునకు ముందు చిన్న రంధ్రము వేయుట, కొంచెము నూనె వేయుట అందరును ఎరిగినవే. అయినను తొందరలో మరతురు.

ఇక్కడ ప్రాణమునకు సంబంధించిన మాట యొకటి. బిట్టు అవతలి వైపునకు దిగు క్షణమున రేకును పట్టుకొని త్రిప్పును. చేతితో పట్టిన రేకు కత్తి వలె తిరిగి వేళ్లను కోయును. రేకును బిగింపులో పెట్టనిదే డ్రిల్లు వేయరాదు. డ్రిల్లు వద్ద చేతి తొడుగులు కూడ తగవు. తొడుగు కొన చిక్కినచో చేయి దానితో పోవును. తువాలు, దుప్పటి, వదులు చొక్కా చేతులు ఇట్లే ప్రమాదకరములు.

సాన చక్రము గూర్చి మరికొంత విపులముగా చెప్పవలెను. 150 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 2,850 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగమున పోవును. చేతిలో పట్టు 100 మిల్లీమీటర్ల గ్రైండరు నిమిషమునకు 11,000 చుట్లు తిరుగును. దాని అంచు వేగము గంటకు 200 కిలోమీటర్లు దాటును. పగిలిన ముక్క అదే వేగముతో ఎగురును. కొత్త చక్రమును బిగించుటకు ముందు వ్రేలికి తగిలించి, చెక్క పిడితో మెల్లగా కొట్టి వినవలెను. కుండ కొనునప్పుడు మన ఇల్లాండ్రు చేయు పరీక్షయే ఇది. ఖంగుమనినచో మంచిది, బొంగురుగా పలికినచో లోపల పగులున్నది, పారవేయవలెను. చక్రముపై వ్రాసిన గరిష్ఠ చుట్లు యంత్రపు చుట్లకంటె తక్కువగా ఉండరాదు. బిగించిన పిమ్మట ప్రక్కకు నిలిచి ఒక నిమిషము ఉత్తగా నడపవలెను. చక్రమునకును, ముక్కను ఆనించు పలకకును మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించరాదు. చక్రము అరిగిన కొలది పలకను దగ్గరకు జరుపవలెను. లేనిచో ముక్క ఆ సందులో ఇరుకుకొని చక్రము పగులును.

చక్రము కోయుట మానినప్పుడు బలముగా అదుముట సాధారణముగా కనబడు తప్పు. చక్రము ముఖము నున్నబడినది, లేక ఇనుప రజనుతో పూడినది. దానికి ముఖము దిద్దు సాధనముతో పై పొర తీసినచో మరల కోయును. అల్యూమినియము, ఇత్తడి వంటి మెత్తని లోహములను ఆనించినచో ముఖము త్వరగా పూడును. చేతి గ్రైండరు కాపు మూతను విప్పి, దానికి పెద్ద చక్రము తొడుగుట, కట్టె కోయు పండ్ల చక్రము బిగించుట మాత్రము ఎంత చెప్పినను తక్కువే. అట్టి యంత్రమును గ్రామములో చూచిన పంచాయతీ సభ్యుడు అక్కడనే ఆపించవలెను. కంటిలో పడిన రవ్వ చిన్నదే. చూపు పోయిన తరువాత ఆ ఇంటిలో కొలిమి చల్లారినట్లే. రవ్వ పడినప్పుడు అగ్గిపుల్లతోను, గుడ్డ కొనతోను తీయ ప్రయత్నింపక వెంటనే కంటి వైద్యుని వద్దకు పంపవలెను. వెల్డింగు వెలుగు చూచి రాత్రి కన్నులు మండినవారికి తల్లిపాలు, ఉల్లిరసము పోయు అలవాటు ఇంకను కొన్ని యిండ్లలో ఉన్నది. దానిని మాన్పించవలెను.

వెల్డింగులో రెండు హెచ్చరికలు చాలును. డీజిలు, కిరోసిను, పురుగుమందు ఉంచిన డబ్బా ఖాళీగా కనబడినను లోపల ఆవిరి నిలిచియుండును. నిప్పు తగిలినచో ప్రేలును. జస్తా పూత గల గొట్టమును కాల్చినప్పుడు వచ్చు తెల్లని పొగ పీల్చినచో రాత్రికి చలిజ్వరము వచ్చును. పూతను గీకి, ఆరుబయట గాలికి ఎదురుగా కాక ప్రక్కగా నిలిచి పని చేయవలెను.

మోటారుల విషయమునకు వత్తము. గ్రామములో మోటారులు కాలుటకు ముఖ్య కారణములు రెండు. మొదటిది వోల్టేజి తగ్గుట. 230 వోల్టులు రావలసిన చోట 184 మాత్రమే వచ్చినచో, అనగా అయిదింట నాలుగు వంతులు వచ్చినచో, మోటారు త్రిప్పు బలము నూటికి 64 పాళ్లకు పడిపోవును. బలము వోల్టేజి వర్గమును అనుసరించి తగ్గుటయే దీనికి కారణము. అప్పుడు లేతు కోత లోతుకు ఆగిపోవును, వెల్డింగు నిప్పు అంటుకొనదు. యంత్రము చెడినదని మెకానిక్కును పిలుచుటకు ముందు పని నడచుచుండగా వోల్టు మీటరు పెట్టి చూడవలెను. ఊరకున్నప్పుడు 220 చూపి, నడచునప్పుడు 180కి పడినచో, దోషము తీగలోనో, సన్నని పొడుగు వైరులోనో, కీలు వదులులోనో ఉన్నది. రెండవది మూడు ఫేజులలో ఒకటి పోవుట. మోటారు తిరుగుచుండగా ఒక ఫేజు పోయినచో అది ఆగదు, గురగురలాడుచు తిరుగును. మిగిలిన రెండు ఫేజులలో కరెంటు సుమారు 1.7 రెట్లు పెరిగి, కొద్ది నిమిషములలో చుట్టలు కాలును. ఫేజు పోయినచో తానే ఆపివేయు ఉపకరణమును స్టార్టరులో అమర్చుటకు అగు ఖర్చు మోటారు మరల చుట్టించు ఖర్చుకంటె చాల తక్కువ. వ్యవసాయపు పంపుల వద్ద దీనిని ఎరిగినవారు కర్మశాలలో మాత్రము ఏల మరతురో తెలియదు.

బెల్టు కీచుమనినచో అందరును దానిని ఇంకను బిగింతురు. అధికముగా బిగించినచో బేరింగు పోవును. ముందు రెండు కప్పీలు ఒకే వరుసలో ఉన్నవా చూడవలెను. రెండింటి ముఖములకును ఒక దారము లాగి పట్టినచో నాలుగు చోట్ల తగులవలెను. తగులనిచో మోటారును జరుపవలెను. బేరింగు వేడిని చేతితో చూచునప్పుడు యంత్రమును ఆపి చూడవలెను. చేయి నిలువ పెట్టలేనంత వేడి యున్నచో విచారింపవలెను. గ్రీజు లేకపోవుటయే కాదు, గ్రీజును అదుమి నింపుట కూడ వేడికి కారణమే.

లేతు ఉన్న చోట్లు తక్కువ గనుక దానిని క్లుప్తముగా చెప్పుదము. కోసిన ముఖము అలలు అలలుగా వచ్చి యంత్రము వణకినచో, పనిముట్టు బయటకు ఎక్కువ పొడుగు చాచియున్నదా, దాని మొన ఇరుసు ఎత్తుకు సరిగా ఉన్నదా, జారు పలకలు వదులైనవా యని ఈ వరుసలో చూడవలెను. కడ్డీ ఒక కొన లావు, ఒక కొన సన్నము వచ్చినచో వెనుక కేంద్రము ప్రక్కకు జరిగినది. ఒక మారు ఒక్క సంగతినే మార్చి పరీక్షింపవలెను. మూడింటిని ఒక్కసారి మార్చినచో చిక్కు పోయినను దేనివలన పోయినదో తెలియదు. మరల వచ్చినప్పుడు మొదటికి రావలసివచ్చును. గోడకు ఒక నోటుబుక్కు వ్రేలాడదీసి, తేదీ, కనబడిన లక్షణము, చేసిన మార్పు మూడు ముక్కలలో వ్రాయు కర్మశాలలో చిక్కులు త్వరగా తీరును.

పంచాయతీ చేయదగిన పనులు ఏవి? 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కమ్మరి, తాళముల పనివాడు, సుత్తి మొదలగు పనిముట్లు చేయువాడు ఉన్నారు. ఆ పథకపు నిబంధనల ప్రకారము దరఖాస్తు సామాన్య సేవా కేంద్రము ద్వారా పోవును; దానిపై మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. ఒక కుటుంబము నుండి ఒకరికే అవకాశము. పరికరములకు 15,000 రూపాయల వరకు సహాయము, ప్రాథమిక శిక్షణ పిమ్మట నూటికి 5 వడ్డీపై లక్ష రూపాయల వరకు మొదటి ఋణము, దానిని సక్రమముగా తీర్చినవారికి రెండు లక్షల వరకు రెండవ ఋణము నిర్ణయింపబడినవి. పరిశీలనకు వచ్చిన దరఖాస్తును నెలల తరబడి బల్లపై ఉంచుట వలన ఒక కుటుంబమునకు ఒక పంటకాలపు పని పోవచ్చును. నిజముగా కొలిమి వద్ద పని చేయువాని పేరు వదలిపోయినదా యని కూడ సభ్యులు తామే వాకబు చేయవలెను. చదువు లేని ముసలి కమ్మరి తనంతట తాను కేంద్రమునకు పోడు.

ఎర్తింగు సంగతి మిగిలినది. రేకుల కొట్టములో తడి నేలపై వట్టి కాళ్లతో నిలిచి ఇనుప యంత్రమును తాకువానికి ఎర్తు తీగ ఒక్కటే అండ. గ్రామములో ఉన్న ప్రతి కర్మశాలకును, పిండిమరకును ఎర్తు గుంట ఉన్నదా, తీగ యంత్రపు శరీరమునకు బిగించి యున్నదా యని వేసవిలో ఒకసారి పంచాయతీ తనిఖీ చేయించవచ్చును. వేసవియే ఏల యనగా, అప్పుడు నేల ఎండి గుంట పని చేయుట మానును. గుంటలో బొగ్గు, ఉప్పు వేసియున్నను తడి లేనిచో ఫలము లేదు. వారమునకు రెండు కుండల నీరు పోయవలెను. దానితో పాటు 30 మిల్లీ ఆంపియరులకే తెగిపడు రక్షణ స్విచ్చును మీటరు ప్రక్కన పెట్టించి, దానిపైనున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కినప్పుడు తెగిపడనిచో అది ఉన్నను లేనట్లే. ఆ దినముననే మార్పించవలెను.